హిజ్రా, ఖున్సా, ట్రాన్స్‌జెండర్: పార్లమెంటు ఈ బిల్లును ఎలా జల్లెడ పట్టింది? మన ఇళ్లకు దీంతో పనేంటి?

2019 ఆగస్టు 5. ఆ రోజు దేశమంతా టీవీలకు అతుక్కుపోయి ఉంది. రాజ్యసభలో 370 అధికరణం, జమ్మూ కశ్మీర్ విభజన. ఫోన్లు, చర్చలు, ఆందోళన అన్నీ దాని చుట్టే. సరిగ్గా అదే రోజు లోక్‌సభలో ఇంకో బిల్లు మూజువాణి ఓటుతో పాసైంది. దాని పేరు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ బిల్లు. చాలామందికి అది పాసైన సంగతే తెలియలేదు. నవంబరు 26న రాజ్యసభ ఆమోదించింది. డిసెంబరు 5న రాష్ట్రపతి సంతకం పడింది. 2020 జనవరి 10 నుంచి అమల్లోకి వచ్చింది.

చట్టం ఇంత నిశ్శబ్దంగా వచ్చినా దాని వెనక ఐదేళ్ల పంచాయితీ ఉంది. ఒక మనిషి మగో, ఆడో, ఇంకొకరో తేల్చేది ఎవరు? ఆ మనిషా, డాక్టరా, కలెక్టరా? ఆసుపత్రిలో వీళ్లకు ఏ వైద్యం ఇవ్వాలి, దానికి డబ్బు ఎవరు పెట్టాలి? కన్న తల్లిదండ్రులు ఇంట్లోంచి వెళ్లగొడితే ఏంటి పరిస్థితి? ఈ ప్రశ్నలన్నీ పార్లమెంటు ముందుకు వచ్చాయి. కొన్నింటికి జవాబు దొరికింది, కొన్నింటిని పక్కకు తోసేశారు.

"ఇది వాళ్ల గొడవ, మనకెందుకు" అనేవాళ్లు మన ఖౌమ్‌లోనూ ఎక్కువే. సిగ్నల్ దగ్గర చప్పట్లు కొట్టేవాళ్లు, పెళ్లింటికీ పిల్లాడు పుట్టినింటికీ బధాయి అడగడానికి వచ్చేవాళ్లు, అంతే మనకు తెలిసింది. వాళ్లేమీ ఆకాశం నుంచి ఊడిపడలేదు కదా. ఎవరో ఒక అమ్మీ కడుపున పుట్టి, ఏదో ఒక మొహల్లాలో పెరిగి, ఒక రోజు ఇల్లు వదిలి వెళ్లినవాళ్లే. 2011 జనాభా లెక్కల్లో ఆడ, మగ కాకుండా 'ఇతరులు' అని రాయించుకున్నవాళ్లు దేశంలో 4,87,803 మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. రాయించుకోనివాళ్ల సంగతి వేరు.

ముందు మాటల చిక్కు విప్పుకుందాం

మన ఇళ్లలో అన్నింటినీ కలిపి ఒకే మాట వాడేస్తాం. చట్టం దగ్గరికి వచ్చేసరికి అది కుదరదు.

ఫిఖ్హ్ పుస్తకాల్లో 'ఖున్సా' అనే మాట ఉంది. పుట్టుకతోనే శరీరంలో ఆడ, మగ లక్షణాలు రెండూ ఉన్న మనిషి, లేదా అవయవాలు చూసి ఏదీ తేల్చలేని మనిషి. ఎటూ తేలకపోతే 'ఖున్సా ముష్కిల్' అన్నారు. వాళ్ల నమాజులో నిలబడే చోటు, వరాసత్‌లో వాటా, జనాజా, అన్నింటి మీదా ఉలమా వివరంగా రాశారు. అంటే ఇలాంటి మనుషులు ఉంటారన్నది మన సంప్రదాయానికి కొత్త విషయమేమీ కాదు. ఇప్పటి చట్టం భాషలో వీళ్లను ఇంటర్‌సెక్స్ వైవిధ్యాలు ఉన్న వ్యక్తులు అంటారు.

ట్రాన్స్‌జెండర్ అంటే వేరు. శరీరం పుట్టుకతో మామూలుగానే ఉంటుంది, కానీ లోపల తాను ఎవరు అనే భావన దానికి పొసగదు. అబ్బాయిగా పుట్టి అమ్మాయిగా బతకాలనుకునేవాళ్లు, అమ్మాయిగా పుట్టి అబ్బాయిగా బతకాలనుకునేవాళ్లు ఇద్దరూ ఇందులోకి వస్తారు. ఇక హిజ్రా అనేది ఒక సమాజం, ఒక జీవన విధానం. గురువు, చేలాలు, ఘరానా, దానికి సొంత కట్టుబాట్లు. హిజ్రాల్లో ట్రాన్స్‌జెండర్లూ ఉంటారు, ఖున్సాలూ ఉంటారు. మొగల్ దర్బారుల్లో, ఉస్మానియా సల్తనత్‌లో వీళ్లకున్న హోదా గురించి 2014లో మన సుప్రీంకోర్టే తీర్పులో రాసింది.

2019 చట్టం ఈ అందరినీ ఒకే నిర్వచనంలో కలిపేసింది. శస్త్రచికిత్స, హార్మోన్లు తీసుకున్నా తీసుకోకపోయినా ట్రాన్స్ పురుషుడు, ట్రాన్స్ మహిళ, ఇంటర్‌సెక్స్ వ్యక్తి, కిన్నర్, హిజ్రా, అరవాణి, జోగతా, అందరూ అందులోనే. ఇంటర్‌సెక్స్ అనేది శరీరానికి సంబంధించిన సంగతి, దాన్ని విడిగా చూడండి అని బిల్లు మీద అభ్యంతరాలు వచ్చాయి. ఆ అభ్యంతరంలో న్యాయం ఉందనే నాకనిపిస్తుంది. ఎందుకో కింద పసిపిల్లల దగ్గర చెప్తాను.

ఎవరూ పరిశీలించని హైదరాబాద్ చట్టం

చట్టసభ పరిశీలన లేకపోతే ఏమవుతుందో తెలియాలంటే ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. నిజాం రాజ్యంలో 1329 ఫస్లీలో, అంటే ఇంగ్లీషు లెక్కన 1919 ప్రాంతంలో, హిజ్రాల మీద ఒక చట్టం వచ్చింది. 1871లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టంలో హిజ్రాల మీద ఉన్న భాగం దీనికి నమూనా. పిల్లల్ని ఎత్తుకుపోతారనో, అసహజ నేరాలు చేస్తారనో అనుమానం ఉన్న హిజ్రాల పేర్లు, ఇళ్ల చిరునామాలతో రిజిస్టరు పెట్టాలి. ఆ రిజిస్టరులో ఉన్న మనిషి ఆడ దుస్తులు వేసుకునో, నగలు పెట్టుకునో, పాడుతూ ఆడుతూనో బయట కనిపిస్తే వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. రెండేళ్ల దాకా జైలు.

నేరం చేసినందుకు కాదు, బట్టలు వేసుకున్నందుకు. నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. ఈ చట్టం మాత్రం పేరు మార్చుకుంటూ పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. ఇన్ని అసెంబ్లీల్లో ఒక్కదానిలోనైనా దీన్ని తీసి చూసి రద్దు చేసింది లేదు. చివరికి 2018లో వైజయంతీ వసంత మొగిలి తదితరులు హైకోర్టుకు వెళ్లారు. 2023 జులై 6న తెలంగాణ హైకోర్టు, అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి ధర్మాసనం, ఇది సమానత్వాన్నీ, జీవించే హక్కునూ కాలరాస్తోందని కొట్టేసింది. ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛను వర్తింపజేయాలని కూడా చెప్పింది. నూరేళ్లకు పైగా బతికిన చట్టం అది.

ఢిల్లీలో నడిచిన కథ

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా కేసులో తీర్పు ఇచ్చింది. జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్, జస్టిస్ ఎ.కె. సిక్రీ రాసిన తీర్పు. తన జెండర్ ఏమిటో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేననీ, ఆపరేషన్ చేయించుకుంటేనే గుర్తిస్తామనడం చట్టవిరుద్ధమనీ కోర్టు అంది. సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గంగా చూసి రిజర్వేషన్లు ఇవ్వాలనీ, ఆసుపత్రుల్లో సరైన వైద్యం అందించాలనీ ప్రభుత్వాలకు చెప్పింది.

ఆ తర్వాత బంతి పార్లమెంటు కోర్టులో పడింది. డీఎంకే ఎంపీ తిరుచ్చి శివ సొంతంగా ఒక ప్రైవేటు బిల్లు తెచ్చారు. 2015 ఏప్రిల్ 24న రాజ్యసభ దాన్ని ఏకగ్రీవంగా పాస్ చేసింది. ప్రైవేటు సభ్యుడి బిల్లు ఒక సభలో గట్టెక్కడం దశాబ్దాల తర్వాత జరిగిన వింత. కానీ లోక్‌సభలో అది ముందుకు పోలేదు. దాని బదులు ప్రభుత్వం 2016 ఆగస్టులో తన బిల్లు తెచ్చింది.

ఆ 2016 బిల్లు చూస్తే సుప్రీంకోర్టు తీర్పు చదివినవాళ్లు రాసినట్టు ఉండదు. ట్రాన్స్‌జెండర్ అంటే 'పూర్తిగా ఆడా కాదు, పూర్తిగా మగా కాదు' అని నిర్వచించారు. మనిషిని సగం సగం కొలిచినట్టు. పైగా గుర్తింపు కావాలంటే జిల్లా స్క్రీనింగ్ కమిటీ ముందు నిలబడాలి. అందులో జిల్లా వైద్యాధికారి, సాంఘిక సంక్షేమ అధికారి, మానసిక వైద్యుడు, ట్రాన్స్‌జెండర్ల ప్రతినిధి, ఇంకో ప్రభుత్వ అధికారి. నేను ఆడో మగో మీరు తేల్చండి అని ఐదుగురి ముందు నిలబడటం ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి.

ఇక్కడే అసలు పరిశీలన జరిగింది. బిల్లును సామాజిక న్యాయ, సాధికారత శాఖ స్థాయీ సంఘానికి పంపారు. స్థాయీ సంఘం అంటే 31 మంది ఎంపీల కమిటీ, 21 మంది లోక్‌సభ నుంచి, 10 మంది రాజ్యసభ నుంచి. టీవీ కెమెరాలు ఉండవు, అరుపులు ఉండవు. ప్రజల నుంచి వినతి పత్రాలు తీసుకుంటారు, సంఘాలను పిలిచి వింటారు, శాఖ అధికారులను కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతారు. పార్టీ విప్ కూడా అంత గట్టిగా ఉండదు. దీని నివేదికను ప్రభుత్వం ఒప్పుకోవాలని రూలేమీ లేదు, అదే దీని బలహీనత.

అప్పటి ఛైర్మన్ బీజేపీ ఎంపీ రమేశ్ బైస్. 2017 జులైలో ఇచ్చిన నివేదిక చదివితే ఆశ్చర్యం వేస్తుంది. అధికార పార్టీ మనిషి అధ్యక్షతన ఉన్న కమిటీ, సొంత ప్రభుత్వం బిల్లును ఒకదాని వెంట ఒకటి తప్పుపట్టింది. బిల్లులోని నిర్వచనం ప్రపంచం నడుస్తున్న దిశకు ఎదురుగా ఉందనీ, సొంతంగా గుర్తింపు చెప్పుకునే హక్కును దెబ్బతీస్తుందనీ అంది. రిజర్వేషన్లు ఇవ్వండి అంది. పెళ్లి, విడాకులు, దత్తత లాంటి పౌర హక్కుల గురించి బిల్లులో ఒక్క ముక్క లేదేంటని అడిగింది. అప్పటికి 377 సెక్షన్ ఇంకా అమల్లో ఉంది. ఒక చేత్తో గుర్తింపు ఇచ్చి ఇంకో చేత్తో నేరస్థుల్ని చేస్తారా అన్నది దాని ప్రశ్న. ఇంటర్‌సెక్స్ అని తెలిసి గర్భస్రావం చేయించినా, ఇంటర్‌సెక్స్ పసిపిల్లలకు బలవంతంగా ఆపరేషన్ చేసి ఆడో మగో చేసినా శిక్ష ఉండాలని కూడా సిఫారసు చేసింది.

వీటిలో ఎన్ని నిలిచాయి? 2018 డిసెంబరు 17న లోక్‌సభ 27 సవరణలతో బిల్లును పాస్ చేసింది. నిర్వచనం మారింది. స్క్రీనింగ్ కమిటీ మాత్రం అలాగే ఉంది. ట్రాన్స్‌జెండర్లతో బిచ్చం ఎత్తించడాన్ని నేరం చేసే క్లాజు కూడా ఉండిపోయింది. పని ఇవ్వకుండా అడుక్కోవడాన్ని నేరం చేస్తే ఆ కేసు చివరికి గురువుల మీద, తోటి హిజ్రాల మీద పడుతుందని వాళ్లు భయపడ్డారు. రాజ్యసభకు చేరేలోపు ఎన్నికలు వచ్చాయి, లోక్‌సభ రద్దయింది, బిల్లు మురిగిపోయింది.

2019లో మళ్లీ తెచ్చినప్పుడు ఆ రెండూ తీసేశారు. వీధుల్లో జరిగిన నిరసనలకు ఆ మేరకు ఫలితం దక్కిందనే చెప్పాలి. రిజర్వేషన్లు మాత్రం రాలేదు, పౌర హక్కుల ఊసూ రాలేదు. రాజ్యసభలో దీన్ని సెలెక్ట్ కమిటీకి పంపి ఇంకోసారి చూద్దామని ప్రతిపాదన పెడితే వీగిపోయింది. 2020 మొదట్లోనే చట్టం మీద సుప్రీంకోర్టులో సవాళ్లు పడ్డాయి.

అసలు మెలిక రూల్స్‌లో

మన దగ్గర చట్టం పాసవగానే పని అయిపోయిందనుకుంటాం. చట్టం అస్థిపంజరం అయితే రూల్స్ దానికి కండ. 2019 చట్టం ప్రకారం జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టరు, ట్రాన్స్‌జెండర్ అని సర్టిఫికెట్ ఇస్తారు. దేని ఆధారంగా ఇస్తారు? 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ మధ్యలో ప్రభుత్వం ముసాయిదా రూల్స్ పెట్టింది. అందులో సైకాలజిస్టు రిపోర్టు కావాలన్నారు. ముందు గుమ్మం నుంచి పంపించేసిన స్క్రీనింగ్‌ను కిటికీలోంచి లోపలికి తెచ్చినట్టు. అభ్యంతరాలు వెళ్లాయి, ముసాయిదా మారింది. 2020 సెప్టెంబరులో వచ్చిన చివరి రూల్స్‌లో ఏ వైద్య పరీక్షా లేకుండా, దరఖాస్తుదారు ఇచ్చిన అఫిడవిట్ మీదే 30 రోజుల్లో సర్టిఫికెట్ ఇవ్వాలని రాశారు. అదే ఏడాది నవంబరులో ఆన్‌లైన్ పోర్టల్ కూడా వచ్చింది. 18 ఏళ్ల లోపు పిల్లలకైతే తల్లిదండ్రులో సంరక్షకులో దరఖాస్తు పెట్టాలి.

ఆ సర్టిఫికెట్ మీద జెండర్ 'ట్రాన్స్‌జెండర్' అని మాత్రమే ఉంటుంది. ఆడ అనో మగ అనో రాయించుకోవాలంటే 7వ సెక్షన్ కింద శస్త్రచికిత్స అయినట్టు ఆసుపత్రి సూపరింటెండెంట్ సంతకం తెచ్చి మళ్లీ దరఖాస్తు చేయాలి. ఆపరేషన్ షరతు పెట్టడం తప్పని 2014లో సుప్రీంకోర్టు చెప్పిందని పైన చూశాం. మరి ఇది ఎలా పొసుగుతుంది? చట్టానికి ఉన్న పెద్ద విమర్శ అదే.

ఇంటి గుమ్మం దగ్గర చట్టం

12వ సెక్షన్ నేరుగా కుటుంబాలతోనే మాట్లాడుతుంది. ట్రాన్స్‌జెండర్ అనే కారణంతో ఏ పిల్లనీ పిల్లాడినీ కోర్టు ఉత్తర్వు లేకుండా తల్లిదండ్రుల నుంచి వేరు చేయకూడదు. ఆ ఇంట్లో ఉండే హక్కు, ఇంటి వసతులు అందరిలాగే వాడుకునే హక్కు వాళ్లకుంది. ఇంట్లోంచో ఊర్లోంచో బలవంతంగా పంపేస్తే 18వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, జరిమానా. "మా ఇల్లు, మా ఇష్టం" అనడానికి లేదు.

కానీ ఇదే సెక్షన్‌లో ఇంకో మెలిక ఉంది. తల్లిదండ్రులు చూసుకోలేకపోతే కోర్టు ఆ మనిషిని పునరావాస కేంద్రానికి పంపాలట. దెబ్బలు తిని ఇల్లు వదిలిన పదహారేళ్ల పిల్లను చేరదీసింది ఎవరు? చాలాసార్లు హిజ్రా గురువే. ఆ గురువు ఇంటిని చట్టం కుటుంబంగా గుర్తించలేదు. ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు కుటుంబం అంటే రక్తం, పెళ్లి, దత్తత, ఈ మూడే తెలుసు.

శిక్షల దగ్గర ఇంకా అన్యాయం ఉంది. ట్రాన్స్‌జెండర్ మనిషి మీద లైంగిక దాడి చేసినా గరిష్ఠ శిక్ష అదే రెండేళ్లు. ఆడవాళ్లపై అత్యాచారానికి కనీస శిక్షే పదేళ్లు. ఒకే నేరానికి బాధితులెవరన్న దాన్ని బట్టి ఇంత తేడా.

ఆసుపత్రి మాట

వైద్యం గురించి 15వ సెక్షన్‌లో మంచి మాటలే రాశారు. హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రాలు, లింగ మార్పిడి శస్త్రచికిత్స, హార్మోన్ చికిత్స, దానికి ముందూ తర్వాతా కౌన్సెలింగ్, అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఒక వైద్య కరదీపిక, డాక్టర్ల చదువులో మార్పులు, ఖర్చుకు బీమా. అన్నీ 'ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి' అనే వాక్యం కిందే. ఎప్పటిలోగా? లేదు. చేయకపోతే? అదీ లేదు.

బీమా కొంత కదిలింది. 2022 ఆగస్టులో ఆయుష్మాన్ భారత్ కింద ట్రాన్స్‌జెండర్లకు ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఇచ్చే ఏర్పాటుకు ఒప్పందం జరిగింది. పోర్టల్ ద్వారా వచ్చిన సర్టిఫికెట్ ఉంటేనే అది వర్తిస్తుంది. అందుకే ఆ కాగితం అంత ముఖ్యం. తమిళనాడు అయితే 2008లోనే సంక్షేమ బోర్డు పెట్టి ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఆపరేషన్లు మొదలుపెట్టింది, పార్లమెంటు ఇంకా ఆలోచన కూడా చేయని రోజుల్లో.

సర్కారు దవాఖానాలో తలుపు తెరుచుకోకపోతే జరిగేది ఒకటే. డాక్టరు కాని మనిషి చేతిలో, మత్తు లేకుండా, 'నిర్వాణం' పేరుతో కోయించుకుంటారు. రక్తం ఆగక, సెప్టిక్ అయి ప్రాణాలు పోతాయి. హార్మోన్ మాత్రలు మెడికల్ షాపులో అడిగి సొంతంగా మింగుతారు. రక్తం గడ్డకట్టే ప్రమాదం, లివర్ దెబ్బతినే ప్రమాదం గురించి చెప్పే నాథుడు ఉండడు. దీన్ని మతం కళ్లతో చూసి తప్పు అనేవాళ్లున్నారు, ఆ అభిప్రాయం వాళ్లది. ప్రాణం కాపాడటం మాత్రం వేరే ప్రశ్న.

హైదరాబాద్‌లో 2021లో నారాయణగూడలో 'మిత్ర్' అనే క్లినిక్ మొదలైంది. ట్రాన్స్‌జెండర్లే నడిపిన క్లినిక్. డబ్బు అమెరికా ప్రభుత్వ సాయం నుంచి వచ్చేది. 2025 జనవరిలో అక్కడి కొత్త అధ్యక్షుడు విదేశీ సాయం ఆపేస్తూ సంతకం పెట్టాడు, ఇక్కడ క్లినిక్‌కు తాళం పడింది. తర్వాత టాటా ట్రస్ట్స్ తోడ్పాటుతో 'సబ్‌రంగ్' పేరుతో మళ్లీ తెరిచారు. 15వ సెక్షన్ ప్రభుత్వం మీద పెట్టిన బాధ్యత చివరికి ఎవరెవరి జేబుల మీద ఆధారపడి నడుస్తోందో చూడండి. ఒక మంచి మాట కూడా చెప్పుకోవాలి. 2022 చివర్లో మన ఉస్మానియా జనరల్ ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు, ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్, మెడికల్ ఆఫీసర్లుగా చేరారు.

పిల్లాడు ఆడపిల్లలా నడుస్తున్నాడనో, కూతురు మగపిల్లాడి బట్టలే కావాలంటోందనో, 'బాగు చేయించడానికి' తిప్పే తల్లిదండ్రులు ఉన్నారు. షాక్ ఇప్పించేవాళ్లు, మందులతో మత్తులో ఉంచేవాళ్లు, ఝాడ్ ఫూంక్ చేయించేవాళ్లు. ఒక సంగతి తెలిసి ఉండాలి. 2021లో మద్రాసు హైకోర్టు జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ఇచ్చిన ఉత్తర్వుల తర్వాత, 2022లో జాతీయ మెడికల్ కమిషన్ ఇలాంటి 'మార్చే' చికిత్సను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. ఏ డాక్టరైనా డబ్బు తీసుకుని మార్చేస్తానంటే ఆయన మీద రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు.

లండన్ నుంచి, అమెరికా నుంచి వాట్సాప్‌లో వచ్చే వీడియోలు ఈ గొడవను ఇంకా గందరగోళం చేస్తున్నాయి. బ్రిటన్‌లో నడుస్తున్నది ప్రధానంగా పిల్లల మందుల మీద, ఆడవాళ్ల ప్రత్యేక చోట్ల మీద వాదన. 2024 ఏప్రిల్‌లో డాక్టర్ హిలరీ కాస్ నివేదిక పిల్లల విషయంలో ఎంతో జాగ్రత్త కావాలని చెప్పింది, యుక్తవయసును ఆపే మందులను అక్కడ ఆపేశారు. మన 15వ సెక్షన్‌లో పిల్లలు, పెద్దలు అనే తేడానే లేదు. పిల్లలకు ఏ వయసులో ఏ వైద్యం అన్నది కమిటీ కూర్చుని తేల్చాల్సిన ప్రశ్న, మన పార్లమెంటు అటువైపే పోలేదు.

పసిబిడ్డ పుట్టగానే

ఇది మాత్రం ప్రతి ఇంట్లో తెలియాలి. బిడ్డ పుట్టగానే ఆడో మగో డాక్టరు చెప్పలేకపోతే సిగ్గుతో దాచొద్దు, తొందరపడి ఏదో ఒకటి అనుకోవద్దు. దీనికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి సీఏహెచ్ అనే అడ్రినల్ గ్రంథి జబ్బు. ఆడపిల్ల అవయవాలు మగపిల్లాడిలా కనిపిస్తాయి. తల్లి, తండ్రి ఇద్దరిలోనూ ఒకే లోపం ఉన్న జన్యువు దాగి ఉంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం. చాచా బిడ్డలు, మేనరికాలు చేసుకునే కుటుంబాల్లో ఆ అవకాశం సహజంగానే ఎక్కువ. కొందరు పిల్లల్లో శరీరంలోని ఉప్పు బయటికి పోయి, పుట్టిన రెండు మూడు వారాల్లోనే వాంతులు, పాలు తాగకపోవడం, బరువు తగ్గడం, చివరికి ప్రాణాపాయం. రక్తపరీక్షతో తెలిసిపోతుంది, రోజూ వేసే మందులతో బిడ్డ మామూలుగా బతుకుతుంది. మగపిల్లాడిగా కనిపించే బిడ్డలో గుర్తు పట్టడం ఇంకా కష్టం, అక్కడే ప్రాణాలు పోతాయి.

ఇది ట్రాన్స్‌జెండర్ విషయం కాదు, శరీరం విషయం. రెండింటినీ ఒకే నిర్వచనంలో కట్టేయడం వల్ల ఈ పిల్లల అవసరం చర్చలో మునిగిపోయింది. పసిపిల్లలకు ఆత్రంగా ఆపరేషన్ చేసి ఆడో మగో చేసేయడాన్ని శిక్షించమని స్థాయీ సంఘం చెప్పినా 2019 చట్టంలో అది రాలేదు. 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు చెబితే ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం, ప్రాణాపాయం ఉంటే తప్ప అలాంటి ఆపరేషన్లు చేయొద్దని జీవో ఇచ్చింది. పిల్ల పెద్దయ్యాక తనే నిర్ణయించుకోవాలన్నది దాని అర్థం.

వరాసత్ దగ్గర చట్టం మౌనం

మన కుటుంబాల్లో చివరికి గొడవ వచ్చేది ఆస్తి దగ్గరే. 2019 చట్టం వారసత్వం గురించి ఏమీ చెప్పలేదు. ముస్లిం పర్సనల్ లాలో కొడుకు వాటా కూతురి వాటాకు రెట్టింపు. మరి సర్టిఫికెట్ మీద 'ట్రాన్స్‌జెండర్' అని ఉన్న సంతానానికి ఏ లెక్క? ఖున్సా ముష్కిల్ విషయంలో హనఫీ ఫిఖ్హ్ రెండు లెక్కలూ వేసి ఏది తక్కువ వస్తే అది ఇమ్మంటుంది. శరీరం స్పష్టంగా ఉండి గుర్తింపు మాత్రమే మారినవాళ్లకు పాత పుస్తకాల్లో అలాంటి నేరైన సూత్రం లేదు.

పాకిస్తాన్ ఈ ప్రశ్నను నేరుగా ఎదుర్కొంది. 2018లో అక్కడి పార్లమెంటు మనకన్నా ముందే చట్టం చేసింది, తన గుర్తింపు తనే చెప్పుకోవచ్చనీ, దాని ప్రకారమే వరాసత్ వాటా అనీ రాసింది. సెనెట్‌లో జమాతే ఇస్లామీ సభ్యుడు ముష్తాక్ అహ్మద్ ఖాన్ సవరణలు పెట్టారు, కేసు ఫెడరల్ షరియత్ కోర్టుకు వెళ్లింది. 2023 మే 19న ఆ కోర్టు సొంత గుర్తింపు, వారసత్వం సెక్షన్లు షరియత్‌కు విరుద్ధమని తేల్చింది. శరీరంలో తేడాతో పుట్టినవాళ్లకు అన్ని హక్కులూ ఉండాల్సిందేనని కూడా అంది. ఇంకోవైపు ఇరాన్‌లో 1980ల నుంచి ఖొమైనీ ఫత్వా ఆధారంగా ఆపరేషన్లకు అనుమతి ఉంది. ముస్లిం దేశాల మధ్యే ఏకాభిప్రాయం లేదు.

మన దగ్గర పార్లమెంటు ఈ మస్లాను ముట్టుకోలేదు కాబట్టి తల్లిదండ్రులు బతికుండగానే ఆలోచించుకోవాలి. వసియత్ రాయాలంటే ఆస్తిలో మూడో వంతుకు మించి కుదరదు, అదీ వారసుల్లో ఒకరికి రాస్తే మిగతా వారసులు ఒప్పుకోవాలి. హిబా చేయడానికి ఆ అడ్డు లేదు. ఇస్తున్నానని చెప్పడం, తీసుకునేవాళ్లు ఒప్పుకోవడం, ఆస్తిని అప్పగించడం, ఈ మూడూ జరగాలి. మూడోది మాటతో కాదు, తాళం చెవులో, కిరాయి పుచ్చుకునే హక్కో నిజంగా చేతికి ఇస్తేనే చెల్లుతుంది.